పాత పటాల్లో మన ఊళ్ళు, మన నీళ్ళు
(నెల్లూరులో విద్యార్థులు, విశ్రాంత ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. గోడకి తగిలించిన పటాలు వెనక వరసల్లో ఉన్నవాళ్ళకి కనపడవని నాకు తెలుసు. ప్రసంగం అయ్యాక దగ్గరికి వచ్చి తీరిగ్గా చూడండి. వేలు పెట్టి చూడండి. అన్నీ జిరాక్సులే, చిరిగినా ఏం కాదు.

ఎడమ చివర పక్కపక్కన అతికించినవి రెండు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అంటే కొండలు, వాగులు, ఊళ్ళు, దారులు చూపించే పటాలు. రెండెందుకంటే, 80 డిగ్రీల రేఖాంశం మన నెల్లూరు తూర్పు అంచునే పోతుంది. పట్నం నడిబొడ్డు నుంచి ఒకటి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ గీతకి పడమరంతా 57వ నంబరు షీట్లు, తూర్పంతా 66వ నంబరు షీట్లు. నెల్లూరు పట్నం 57ఎన్‌లో ఉంది, కృష్ణపట్నం 66బిలో ఉంది. పెన్న ఒక కాగితం మీద మాయమై ఇంకో కాగితం మీద తేలుతుంది. నదికి ఆ గీత సంగతి తెలియదు కదా. ఎక్కడో ఆఫీసులో కూర్చుని దేశమంతటికీ గళ్ళు గీసినవాళ్ళకి అది సౌకర్యం. పెన్న వరద ఎటు పోతుందో చూడాలనుకున్న మనకి మాత్రం జిగురు కావాలి.

ఈ రోజు నేను చెప్పేదంతా ఈ జిగురు చుట్టూనే ఉంటుంది. ఏ పటాన్నయినా ఎవరో ఒకరు ఏదో ఒక పని కోసం గీస్తారు. ఓడ నడపడానికి ఒకరు, సైన్యం నడపడానికి ఒకరు, శిస్తు వసూలుకి ఒకరు. ఆ పనికి కావలసింది అందులో స్పష్టంగా ఉంటుంది, అక్కర్లేనిది అసలు ఉండదు. ఆ పని తెలుసుకోకుండా చదివితే పటం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. తెలుసుకుని చదివితే, గీసినవాడు చెప్పాలనుకోని సంగతులు కూడా బయటపడతాయి.

ముందు ఓడలవాళ్ళ సంగతి. 1375 ప్రాంతంలో మయోర్కా దీవిలో తయారైన కాటలాన్ అట్లాస్ ఇప్పుడు పారిస్‌లో ఉంది. అందులో మన తీరం మీద 'బుటిఫిలిస్' అని ఒక పట్నం కనిపిస్తుంది. మార్కో పోలో రాసిన 'ముత్‌ఫిలి' ఇదేననీ, ముత్‌ఫిలి అంటే మన మోటుపల్లి అనీ పండితులు గుర్తించారు. చిన్నగంజాం దగ్గరి మోటుపల్లే. మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. గీసినవాడు ఈ తీరానికి వచ్చి ఉండడు. అయినా మధ్యధరా సముద్రంలోని ఒక దీవిలో మన రేవు పేరు కాగితానికి ఎక్కిందంటే సరుకు అంత దూరం వెళ్ళిందన్నమాట. కాకతి గణపతిదేవుడు 1244లో ఇక్కడే అభయశాసనం వేయించాడు. తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని ఇకమీదట రాజు లాక్కోడు, న్యాయమైన సుంకం మాత్రం తీసుకుంటాడు అని పరదేశి వర్తకులకిచ్చిన మాట అది. ఇవాళ మోటుపల్లి వెళితే వీరభద్రస్వామి గుడి, శాసనం చూడొచ్చు. అంతర్జాతీయ రేవు ఆనవాళ్ళు మాత్రం ఊహించుకోవాలి.

తరవాతి కాలపు యూరప్ పటాల్లో మన తీరం మీద పెద్ద అక్షరాలతో కనిపించే పేరు ఆర్మగాన్. అంటే దుగరాజపట్నం. ఇంగ్లీషువాళ్ళు 1626లో అక్కడ కోట కట్టుకుని వ్యాపారం మొదలుపెట్టారు. సరిగ్గా సాగలేదు. 1640 నాటికి మకాం మద్రాసుకి మార్చేశారు. ఇంగ్లీషువాళ్ళు పెట్టేబేడా సర్దుకుని పోయాక కూడా ఆ పేరు పటాల మీద చాలాకాలం అలాగే నిలిచింది. పడమరగా ఉన్న ఉదయగిరి చూడండి. గజపతుల చేతిలోంచి దాన్ని లాక్కోవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటివాడు వచ్చి ముట్టడి వేశాడు, 1514లో గెలిచాడు. నావికుల పటాల్లో అంతటి దుర్గానికి చోటే లేదు. ఓడ మీంచి కనపడదు కదా! వాళ్ళకి కావలసింది నీటి లోతు, ఇసుక మేటలు, దూరం నుంచి గుర్తుపట్టడానికి ఒక గుడి గోపురమో తాటితోపో. అందుకని ఆ పటాల్లో తీరం వెంబడి పేర్లు కిటకిటలాడతాయి, నాలుగు మైళ్ళు లోపలికి వెళితే ఖాళీ. ఆ ఖాళీ చూసి అక్కడ జనం లేరనుకోవద్దు.

ఖాళీని ఖాళీగా వదిలే నిజాయితీ కూడా అందరికీ ఉండేది కాదు. తెలియనిచోట ఏనుగుల బొమ్మలు, పులుల బొమ్మలు వేసి నింపేవాళ్ళు. ఫ్రెంచివాడు దాన్విల్ 1752లో హిందూదేశపు పటం వేశాడు. ఆయన ఈ దేశం మొహమే చూడలేదు. యాత్రికుల రాతలు, నావికుల లెక్కలు దగ్గర పెట్టుకుని బేరీజు వేశాడు, తెలియనిచోట తెల్లకాగితం వదిలేశాడు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

ఆ తెల్లకాగితాన్ని నింపింది సైన్యం. కాలిన్ మెకంజీ పేరు మీరందరూ విన్నదే. 1783లో ఇక్కడికి వచ్చాడు, 1815లో మొత్తం హిందూదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1790లో టిప్పు మీద యుద్ధం మొదలవకముందు ఆయన నెల్లూరు, గుంటూరు సీమల్లో పనిచేశాడు. సైన్యపు పటంలో ముఖ్యమైనవి దారులు, కనుమలు, వాగు దాటే రేవులు, ఫిరంగి బండి ఎక్కడ దిగబడుతుంది, గుర్రాలకి నీళ్ళెక్కడ దొరుకుతాయి అన్న సంగతులు. ఇలాంటి వివరాలు దొర ఒక్కడే సేకరించగలడా? ఏలూరువాళ్ళు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములు ఆయన దగ్గర పనిచేశారు. ఊరూరా కరణాలనీ పెద్దలనీ కూర్చోబెట్టి కథలు, శాసనాలు, వంశావళులు రాయించారు. మనం ఇవాళ కైఫీయతులంటున్నది వాటినే. గొలుసు పట్టుకుని ఎండలో నడిచిన ఖలాసీల పేర్లయితే ఎక్కడా లేవు. పటం అడుగున సంతకం ఒక్కరిదే ఉంటుంది.

మరి అంతకు ముందు మనవాళ్ళకి పటాలు లేవా అని అడుగుతారు. కాగితం మీద గీసినవి తక్కువే. కానీ హద్దులు మాటల్లో చెప్పడంలో మనవాళ్ళు గట్టివాళ్ళు. బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి కలిసి 1905లో నెల్లూరు జిల్లా శాసనాలు మూడు సంపుటాలుగా అచ్చువేశారు. తిరగేసి చూడండి. ఒక దానం ఇచ్చినప్పుడు తూర్పున ఏ చెరువు, ఆగ్నేయాన ఏ పుట్ట, దక్షిణాన ఏ వాగు, నైరుతిన ఏ చింతచెట్టు అని చుట్టూ తిరిగి చెబుతారు. అది నడుస్తూ చదవాల్సిన పటం. ఏ చెట్టు ఏ నేలలో ఉండేదో, ఏ వాగు ఎటు పారేదో వెతికేవాళ్ళకి ఆ ఎల్లల వరసలు బంగారు గని. మన విద్యార్థులు రాజుల పేర్లు మాత్రం ఏరుకుని ఎల్లల భాగం వదిలేస్తారు. ఇది నా ఫిర్యాదు, రాసుకోండి.

జిల్లా హద్దుల సంగతి టూకీగా చెప్పి ముందుకి పోతాను. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా పుట్టింది, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. దాన్ని నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో కుట్టారు. ఆ కుట్లు ఇంకా పాతవి. మార్కాపురం, కంభం వైపు నిజాం 1800లో కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, దత్తం చేసిన సీమ. గుంటూరు సర్కారు నిజాం దగ్గర్నుంచే 1788లో కుంపిణీ చేతికి వచ్చింది. నెల్లూరు సీమ ఆర్కాటు నవాబు నుంచి 1801లో వచ్చింది. ఒంగోలు తాలూకా అయితే 1904లో గుంటూరు జిల్లా పుట్టేదాకా నెల్లూరుతోనే ఉంది. 2022లో కందుకూరును నెల్లూరులో కలిపారు, గూడూరును తిరుపతిలో కలిపారు. ఇవన్నీ పాఠం కోసం చెప్పడం లేదు. మీ తాతగారి ఊరి పాత కాగితం కోసం ఒంగోలు కలెక్టరేట్‌లో వెతికి, లేదన్నారని ఊరుకోకండి. నెల్లూరులో ఉండొచ్చు, గుంటూరులో ఉండొచ్చు, కర్నూలులో ఉండొచ్చు. ఏ సంవత్సరపు కాగితం కావాలో తేల్చుకుంటే ఏ జిల్లా గడప తొక్కాలో తెలుస్తుంది.

ఇక శిస్తు పటాలు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో సర్వే శాఖ ఏర్పడింది. రైత్వారీ గ్రామాల్లో, అంటే రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే ఊళ్ళల్లో, పొలం పొలం కొలవడం మొదలైంది. కొలతకి వాడే గంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. మన నెల్లూరు లెక్కలో అంకణం 36 చదరపు అడుగులు గనక ఎకరానికి 1210 అంకణాలు. ఇక్కడ ప్లాట్లు కొన్నవాళ్ళకి ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా వస్తుంది. గ్రామ నక్షాలు మైలుకి 16 అంగుళాల కొలతలో గీశారు, అంటే అంగుళానికి ఐదు గొలుసులు. దానికి తోడు ఒక్కో సర్వే నంబరుకి ఒక పేజీతో ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్. మన భాషలో ఎఫ్ఎంబి.

ఇదిగో, మూడో కాగితం ఎఫ్ఎంబి పేజీ. ఊరి పేరు కొట్టేశాను, మళ్ళీ ఎవరూ గొడవకి రాకుండా. పొలం మధ్యగా ఒక మూల నుంచి ఇంకో మూలకి పోయే గీత జి లైను. దాని నుంచి పక్కకి లంబంగా కొలిచిన దూరాలు ఆఫ్‌సెట్లు. అంకెలన్నీ లింకుల్లో ఉంటాయి. మూలల్లో సర్వే రాళ్ళు. రాయి పీకేసినా ఈ అంకెలుంటే చోటు మళ్ళీ దొరుకుతుంది. ఇప్పుడు ఈ పక్క చూడండి, జంట గీతలు వంకర తిరుగుతూ పోతున్నాయి. అది వరవ కాలువ. పై చెరువు కలుజు, అంటే అలుగు, దాటిన నీళ్ళు కింది చెరువుకి తెచ్చేది ఇదే. పేజీ మీద దానికి వేరే నంబరుంది. డైగ్లాటు రిజిస్టరు, అంటే సర్వే నంబర్ల వారీగా భూమి వివరాలు రాసిన పుస్తకం, తీసి ఆ నంబరు చూస్తే 'పోరంబోకు' అని ఉంటుంది. నేల మీదికి వెళితే అక్కడ ఇప్పుడు వెంచర్ వాళ్ళు వేసిన ముప్పై అడుగుల రోడ్డుంది. వానాకాలంలో ఆ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. అక్కడివాళ్ళు మున్సిపాలిటీని తిడుతుంటారు. ఆ నీళ్ళ దారి ఎప్పటి నుంచో ఈ పేజీ మీద ఉంది.

మరి నక్షాలో లేనిదేమిటి? ఊరు! పొలాలన్నీ గజం కూడా పోకుండా గీసి, ఇళ్ళున్న చోటికి వచ్చేసరికి మొత్తానికీ ఒకే నంబరు వేసి గ్రామనత్తం అని వదిలేశారు. నత్తానికి శిస్తు లేదు, అందుకని కొలత అక్కర్లేదు. ఏ ఇల్లు ఎవరిది, ఏ సందు ఎంత వెడల్పు అన్నదానికి దిక్కు లేదు. ఊళ్ళల్లో గోడ తగాదాలు, దారి తగాదాలు తరతరాలుగా తెగకపోవడానికి ఇదొక కారణం. 2020లో స్వామిత్వ పథకం వచ్చాక గానీ డ్రోను ఎగరేసి ఇళ్ళు కొలవడం మొదలవలేదు.

అలాగే జమీందారీ ఊళ్ళు. వెంకటగిరి జమీ కింద ఉన్న పొదిలి, దర్శి వైపు రైత్వారీ గ్రామాలకి చేసినట్టు పొలం పొలం సర్వే చేయలేదు. జమీందారు మొత్తానికీ కలిపి పేష్కషు, అంటే కప్పం, కడతాడు, కింద ఎవరు ఎంత దున్నుతున్నారో సర్కారుకి అనవసరం. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే అక్కడ గొలుసు దిగింది. పక్కపక్క ఊళ్ళే, ఒకదానికి పందొమ్మిదో శతాబ్దపు కాగితం ఉంటుంది, రెండోదానికి మీ నాన్నగారి వయసు కాగితం ఉంటుంది.

నక్షాలో లేని మనుషులున్నారు. మన జిల్లాలో యానాది గిరిజనులు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్ళకి సర్వే నంబరెక్కడిది? పోరంబోకు అని రాసిన ప్రతిచోటా ఎవరో ఒకరు బతుకుతూనే ఉన్నారు. ఇంకో సంగతి. చెరువుకి పటంలో నీలిరంగు వేస్తారు, ఆ నీళ్ళు ఎవరు ముట్టుకోవచ్చో రాయరు. కారంచేడులో 1985 జులైలో ఆరుగురు దళితులను చంపిన గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే. కారంచేడు ఉన్న టోపోషీటు ఎన్నిసార్లు చూసినా ఎవరు ముట్టుకోవచ్చో చెప్పే గీత కనపడదు. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి ఏ దిక్కున, ఎంత ఎడంగా, ఏ పల్లంలో ఉన్నాయో మాత్రం కనిపిస్తుంది. మీ మీ ఊళ్ళ షీట్లు తీసుకుని కాంటూరు గీతలతో, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలతో, కలిపి అది గమనించండి. వరదొస్తే ముందు ఎవరి ఇల్లు మునుగుతుందో అక్కడే తేలిపోతుంది.

నీళ్ళ గురించి ఇంకొంచెం. మళ్ళీ ఎడమ చివరికి రండి. ఉత్తరం నుంచి దక్షిణానికి చదవండి: గుండ్లకమ్మ, ముసి, పాలేరు, మన్నేరు, పెన్న, కండలేరు, స్వర్ణముఖి. అన్నీ పడమట కొండల్లోంచి తూర్పున సముద్రానికి పోయేవే. ఇప్పుడు మనిషి గీసిన గీతలు చూడండి. బకింగ్‌హామ్ కాలువ పెదగంజాం నుంచి తీరం వెంబడే దక్షిణానికి పోతుంది. దీన్లో కొంత భాగాన్ని 1876–78 ధాతు కరువులో కూలి పనుల కింద తవ్వి కలిపారు. రైలు దారి చూడండి. మద్రాసు, బెజవాడలను కలిపే ఆ దారి 1899కి పూర్తయింది. తరవాత జాతీయ రహదారి. మూడూ ఉత్తర దక్షిణాలే. అంటే నీళ్ళ దారికి అడ్డంగా మూడు కట్టలు. ప్రతి వాగూ ప్రతి కట్ట కిందనుంచీ దూరి పోవాలి. తూములు, వంతెనలు సరిపడా ఉంటే పోతుంది, లేకపోతే కట్ట తెంపుకుని పోతుంది.

2021 నవంబరు గుర్తుందా? సోమశిల డ్యాము గేట్లు ఎత్తారు, పెన్న పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, అక్కడే హైవే కూడా తెగింది. మద్రాసుకీ విజయవాడకీ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయాయి. టీవీలో "ఊహించని వరద" అన్నారు. పెన్న ఒడ్డున టోపోషీటు పరిచి ఈ మూడు గీతలూ చూసినవాళ్ళు ఆ మాట అనరు. ఎంత వరద వస్తుందో షీటు చెప్పలేదు, కానీ వస్తే ఎక్కడ తన్నుకుంటుందో చెబుతుంది.

పటం లేకుండా నేలని చదివినవాళ్ళూ ఉన్నారు. కంభం చెరువు చూడండి. విజయనగరం రోజుల్లో వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. గుండ్లకమ్మ రెండు కొండల మధ్య ఇరుకు సందులోంచి బయటపడే చోట కట్ట వేశారు. ఎత్తు 57 అడుగులు, పొడవు చాలా తక్కువ. దాని వెనక నిలిచిన నీళ్ళు కిలోమీటర్ల మేర. ఇప్పటి ఇంజినీరుకి కాంటూరు పటం ఇచ్చి స్థలం వెతకమంటే అక్కడే వేలు పెడతాడు. ఆ రోజుల్లో కాంటూరు లేదు. వానాకాలంలో కొండెక్కి నీళ్ళు ఎటు పోతున్నాయో చూసుకుని ఉంటారు.

తీరం మార్పు ఒక్కటి చెప్పి ఆపుతాను. పాత షీట్లలో కృష్ణపట్నం, కండలేరు కయ్య, అంటే సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చే పాయ, వెంబడి ఉప్పు పర్రలు, మడచెట్లు, సరుగుడు తోటల గుర్తులుంటాయి. ఇవాళ ఇస్రో వాళ్ళ ఉపగ్రహ చిత్రాల వెబ్‌సైట్ భువన్‌లో అదే చోటు తెరిస్తే గళ్ళ లుంగీ పరిచినట్టు రొయ్యల గుంటలు. 1990ల్లో వచ్చిన రొయ్యల ఊపు అది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది. ఆ తరవాత 2005లో ప్రత్యేక చట్టం వచ్చింది. గుంటలు ఆగలేదు. రొయ్యలతో బాగుపడినవాళ్ళు ఈ హాల్లోనే ఉంటారు, నేను వాళ్ళతో గొడవ పెట్టుకోను. పాత షీటు, కొత్త చిత్రం ఒకే కొలతకి తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టండి. తాగునీటి బావి ఎక్కడుండేదో, దాని పక్కకి ఉప్పునీటి గుంట ఎప్పుడొచ్చిందో తేదీలతో సహా తేలుతుంది. పంచాయతీలో అరిచేకన్నా ఆ రెండు కాగితాలు పట్టుకెళ్ళడం మంచిది.

(ప్రసంగం తరవాత సభలోంచి ఒక పెద్దాయన అడిగారు: "సార్, ఈ పాత టోపోషీటు తీసుకెళితే కోర్టులో నా పొలం హద్దు తేలుతుందా?")

తేలదండీ. టోపోషీటులో మీ పొలం గీత ఉండదు, ఆ కొలతలో మీ ఎకరం చీమ తలకాయంత. హద్దు కోసం ఎఫ్ఎంబి నకలు, డైగ్లాటు నకలు తీసుకోండి, సర్వేయర్ చేత కొలిపించండి. ఇప్పుడు రీసర్వే జరిగిన ఊరైతే కొత్త రికార్డుతో కూడా సరిచూసుకోవాలి. రెండిట్లో విస్తీర్ణం తేడా వస్తే అర్జీ పెట్టుకోవాలి, ఊరుకోకూడదు. ఇంకో మాట, పొలం మీ పేరునే ఉందా అన్నది నక్షా చెప్పదు. అది మీ దస్తావేజులే చెప్పాలి. టోపోషీటు మీకు ఎక్కడ పనికొస్తుందంటే, మీ పొలం పక్క వాగు పాతకాలం నుంచీ ఉందని చూపించడానికి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు వాళ్ళ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. మీ మనవడిని అడగండి, దించి పెడతాడు. ప్రింటు తీసేటప్పుడు మాత్రం కాగితానికి సరిపెట్టమని చెప్పకండి, కొలత చెడిపోతుంది.

ఇంకెవరైనా అడుగుతారా? లేకపోతే రండి, పటాల దగ్గరికి పోదాం.